నాలుగు దిక్కుల అద్దం

రుక్కమ్మకు ఒక నమ్మకం ఉంది. గొల్లింట్లో పుట్టినవాడు అలిగి పోయినా, మతి చెడి పోయినా, ఏ దేశాలు పట్టుకుని తిరుగుతున్నా, పెద్దగట్టు జాతరకు మాత్రం వచ్చి తీరతాడని. రెండేళ్లకోసారి మాఘమాసంలో దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతుల స్వామికి జరిగే ఆ జాతరకు లక్షల మంది వస్తారు. పొట్టేళ్లతో, గంపలతో, నెత్తిన బోనాలతో, ఒంటినిండా పసుపు బండారితో వస్తారు. అంతమందిలో తన మేనల్లుడు మల్లేష్ కూడా ఉంటాడని ఆమె లెక్క.

"తండ్రి మొకం మరిచిపోవచ్చు, ఇల్లు మరిచిపోవచ్చు. గట్టును మరుస్తడారా ఎవడన్న?" అంటుంది.

ఆమె తమ్ముడు బిక్షం ఆ మాటకు ఎదురు చెప్పడు. మల్లేష్ అతని ఒక్కగానొక్క కొడుకు. తప్పిపోయింది కూడా ఆ జాతరలోనే, రెండు వేల పదకొండులో.

బిక్షం సూర్యాపేటలో ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరు. భార్య లక్ష్మీనర్సమ్మ పోయేనాటికి మల్లేష్ నాలుగో తరగతి. అప్పటికే మొగుడు పోయి తుంగతుర్తిలో ఒంటిగా ఉంటున్న రుక్కమ్మ, ఎవరూ పిలవకముందే బట్టల మూటతో వచ్చి తమ్ముడి పొయ్యి అంటించింది. ఆమె చేతి ముద్దలు తినే మల్లేష్ పెద్దవాడయ్యాడు. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా పిల్లవాడు తనలో తాను నవ్వుకోవడం, గోడతో మాట్లాడటం మొదలుపెట్టాడు. దవాఖానలు తిప్పారు. మందులు వేసుకున్నన్నాళ్లు మబ్బుగా ఉండేవాడు, మానేస్తే రాత్రింబవళ్లు నడిచేవాడు. జర నిమ్మళించాడనుకున్న రోజుల్లో జాతరకు తీసుకుపోయారు. గుడిమెట్ల దగ్గర 'ఓ లింగా' అని జనంతోపాటు కేక వేసినవాడు, కేక అయిపోయేసరికి పక్కన లేడు.

ఆ తరువాత బిక్షం వెతకని చోటు లేదు. కోదాడ బస్టాండులో, హుజూర్‌నగర్ సంతలో, గుళ్ల ముందు, రైలు పట్టాల వెంట వెతికాడు. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు దగ్గర తవుడు ఊడుస్తున్నాడని ఎవరో ఫోన్ చేస్తే ఉన్నపళంగా పోయాడు. వాడు వేరే పిల్లవాడు. అయితే బిక్షం మొహం చూసి ఆ పిల్లవాడు చీపురు పక్కన పెట్టి, తన బాటిల్లోంచి నీళ్లు తాగించి, బస్సెక్కేదాకా వెంట వచ్చాడు. బిక్షం ఆ సంగతి ఇంటికొచ్చి అక్కకు చెబితే ఆమె, "వాని తల్లి సల్లగుండ" అని కళ్లు తుడుచుకుంది. వాళ్లకు ఆ రెండేళ్లలో దొరికినవి అట్లాంటివే.

కోదాడ ఫొటోగ్రాఫర్ రవీందర్, బిక్షం పనిచేసే కాలేజీలోనే చదివినవాడు. కాలేజీ వార్షికోత్సవానికి ఫొటోలు తీయడానికి వచ్చి, మైదానం నడుమ ఒక విచిత్రమైన పరికరం నిలబెట్టాడు. కెమెరా మూతి ఆకాశంలోకి ఉంది. మూతి మీద గాజు గొట్టం, దాని లోపల తలకిందులుగా వేలాడుతున్న గంటలాగా ఒక అద్దం. హైవే పక్కన ప్లాట్లు అమ్మే కంపెనీ ఒకటి జాగా అంతా ఒకే బొమ్మలో చూపించడానికి తెప్పించిందట. ఆ కంపెనీ ఎత్తేసి పోతూ పోతూ దాన్ని రవీందర్ దగ్గరే వదిలేసిపోయింది.

ఆ బొమ్మను కంప్యూటర్లో చూసి లెక్చరర్లు విరగబడి నవ్వారు. స్టేజీ, చెట్లు, గేటు, ఎదురుగా కుర్చీలు, వెనక సైకిళ్ల షెడ్డు, అన్నీ ఒకే పటంలో ఉన్నాయి. షెడ్డు చాటున సిగరెట్టు తాగుతున్న ఫైనలియర్ కుర్రాడితో సహా. వాడు తప్పించుకుందామనుకున్నది ప్రిన్సిపాల్ నుంచి. కానీ ఆ అద్దానికి వీపు లేదు.

బిక్షం నవ్వలేదు. అందరూ పోయాక రవీందర్ దగ్గరికి వచ్చి, "గట్టు మీద పెడితే?" అని అడిగాడు.

"ఏం పెడితే అన్నా?"

"గిదే. నాకు రెండు కండ్లు. రెండూ ఒక్క దిక్కే ఉంటయి. నేను తూర్పుకు సూసినప్పుడు వాడు పడమటికెళ్లి పోతడేమో. గిదైతే అన్ని దిక్కులు సూస్తది గద."

రవీందర్‌కు ఆ వాడెవరో తెలుసు. జనం ఎక్కువైతే మొహాలు సన్నగా వస్తాయని చెప్పబోయాడు, కానీ చెప్పలేకపోయాడు. "వస్తానన్నా" అన్నాడు.

*

రెండు వేల పదమూడు జాతర సోమవారం. బోనాలు ఎక్కే రోజు.

గుడికి పోయే దారి పక్కన నడుమెత్తు బండ ఒకటి చూసుకుని రవీందర్ దాని మీద స్టాండు మూడు కాళ్లూ నిలిపాడు. మట్టం చూపే నీటిబుడగ నడిమికి వచ్చేదాకా ఒక్కో కాలూ సవరించాడు. కెమెరాను వెల్లకిలా పడుకోబెట్టినట్టు మూతి పైకి తిప్పి బిగించాడు. అద్దాన్ని గుడ్డ సంచిలోంచి తీసి, పసిపిల్లవాణ్ని ఎత్తుకున్నట్టు అంచులు పట్టుకుని కెమెరా మూతి పైన అమర్చాడు. గాజు గొట్టం ఈమధ్యే పగిలింది, కొత్తది ఇంకా రాలేదు. మూడు సన్నటి కమ్మీల మీద అద్దం బయటికే మెరుస్తూ నిలిచింది.

జనం మూగారు.

"ఏందన్నా గది, సెల్ టవరా?"

"టవర్ గాదురా, డిష్. సీరియల్ సూడనీకి మా అత్త పెట్టించింది."

"టీవీల వస్తమా? జర నన్ను గూడ తియ్యి, నా పెండ్లాం పుట్టింట్ల ఉన్నది, సూసన్న వస్తది!"

గజ్జెల లాగు కట్టుకున్న ఒకాయన అద్దం ముందు వంగి మీసం సవరించుకున్నాడు. అందులో తన ముక్కు గుమ్మడికాయంత కనిపించేసరికి జడుసుకుని వెనక్కి దూకాడు. నవ్వులు లేచాయి. బిక్షం కూడా నవ్వాడు. చాలారోజులకు నవ్వినట్టు అతనికే తెలిసింది.

రవీందర్ బండ మీద మోకాళ్లేసి, కెమెరా కిందికి తల పెట్టి చూస్తున్నాడు. "కెమెరా మనుషుల్ని చూడదన్నా. అద్దాన్నే చూస్తది. అద్దం మనుషుల్ని చూస్తది. అందుకని ఫోకస్ అద్దం మీదే పెట్టాలి" అన్నాడు. "ఎండ నడినెత్తికి రానిద్దాం. సూర్యుడు పక్కన ఉంటే అద్దంలో పడి అంతా తెల్లగా కొట్టుద్ది. పైకెక్కితే కనబడడు."

అంతా అయ్యాక చూసుకుంటే దూరం నుంచి మీట నొక్కే రిమోటు ఆటోలోనే ఉండిపోయింది. "ఎవరూ తోసెయ్యకుండా చూడన్నా" అని రవీందర్ కిందికి పరుగెత్తాడు.

బిక్షం స్టాండుకు వీపు పెట్టి, చేతులు చాచి జనానికి అడ్డంగా నిలబడ్డాడు. వెనకనుంచి రుక్కమ్మ బండెక్కిన సంగతి అతనికి తెలియదు.

ఆమె అప్పుడే తలస్నానం చేసి, తడి జుట్టుతో బోనం సిద్ధం చేసుకుని వచ్చింది. బోనం బండ మీద దించి ఆ అద్దంలోకి చూసింది. గుడి, మెట్లు, గుడారాలు, పొట్టేళ్లు, పసుపు మొహాల జనం, అన్నీ అందులో ఉన్నాయి. గుప్పెడంత అద్దంలో గట్టు గట్టంతా ఉంది. ఆమెకు ఒళ్లు గగుర్పొడిచింది. కొత్త కత్తికి, కొత్త బండికి, కొత్త గొర్రెకు బండారి పెట్టకుండా వాళ్ల ఇంట్లో ఏ పనీ మొదలుకాదు. తడి వేళ్లను బండారిలో ముంచి ఆ అద్దానికి మూడు వేళ్ల బొట్టు పెట్టింది.

"లింగా, నా కొడుకును గిందుల సూపెట్టు తండ్రీ."

ఆ మాట విని బిక్షం తిరిగి చూశాడు. ల్యాబులో ఇన్నేళ్లుగా ప్రతి కొత్త బ్యాచికీ 'అద్దం మీద వేలు పెట్టొద్దు' అని చెప్పిన మనిషి. "అక్కా!" అన్నాడు అంతే.

"ఏందిరా? ఏమైంది?" తమ్ముడి మొహం చూసి ఆమె బెదిరిపోయింది. తప్పు సరిచేద్దామని గబగబా చీర కొంగుతో తుడిచింది. బొట్టు పోయి పసుపు జిడ్డు అద్దం ఒక పక్కంతా పాకింది. కొంగు అంచుకున్న జరీ పోగు గీరిన గీతలు దాని నిండా మెరిశాయి.

రవీందర్ వచ్చి చూశాడు. రబ్బరు గాలిబుడ్డతో ఊదాడు. పొడి ఎగిరింది గానీ తడి కదల్లేదు. చిన్న కుంచెతో తాకి, ఇక తాకి లాభం లేదని ఆపేశాడు.

"నేనే పెట్టిన కొడుకా" అంది రుక్కమ్మ. "దేవుని పసుపే గద. ఖరాబైందా?"

రవీందర్ కుంచెను సంచిలో పెట్టాడు. తరువాత, "ఏం కాలేదమ్మా. మంచి పనే చేశావు. నువ్వు పోయి బోనం ఎక్కించు" అన్నాడు. అప్పటికి ఆ మాట చాలు. ఆమె తేలికపడి బోనం నెత్తికెత్తుకుంది.

ఆమె కనుమరుగయ్యాక అతను బిక్షంతో నెమ్మదిగా చెప్పాడు. "దీనికి మెరుపు పూత పైనే ఉంటదన్నా. గీరుకుపోయింది. ఒక పక్క పోయినట్టే. మూడు పక్కలు బాగానే ఉన్నాయి. ఈ పోయిన పక్కను జనం లేని దిక్కుకు తిప్పుదాం. ఏ దిక్కు?"

ఇద్దరూ చుట్టూ చూశారు. గుట్ట వాలులో జాతర కోసం పెట్టిన నల్లాల వరుస ఒకటి ఉంది. వాటికి నీళ్లు రావడం లేదు, అందుకని అటు ఎవరూ పోవడం లేదు. రవీందర్ కెమెరాను మెల్లగా తిప్పి, పసుపు అంటిన పక్కను నల్లాల వైపు పెట్టాడు.

"నువ్వు కూడా అటే పోయి నిలబడన్నా. బండ దగ్గరుంటే పటం నిండా నువ్వే ఉంటావు. నేనైతే కింద నక్కుతా, నన్ను చూడలేదది."

బిక్షం పోయి నల్లాల దగ్గర నిలబడ్డాడు.

పన్నెండు దాటాక భేరీలు మోగాయి. బోనాలు కదిలాయి. గట్టు అంతా ఒక్కసారిగా పసుపు దుమ్మయింది. 'ఓ లింగా, ఓ లింగా' అని గజ్జెల మోతలో కేకలు, కేకల్లో మళ్లీ గజ్జెలు. బండ కింద రవీందర్ చెయ్యి అప్పుడప్పుడు పైకి లేచి దిగేది. ఒక పటం అయిందన్నమాట. బిక్షం కళ్లు జనం మీద నిలవలేదు, అద్దం మీదే నిలిచాయి. తను చూడనిది అది చూస్తోంది. తన వెనక పోయేవాణ్ని, మెట్ల మీద ఉన్నవాణ్ని, గుడారం చాటున కూర్చున్నవాణ్ని, అందరినీ అది పట్టుకుంటోంది. ఆ గంటసేపు బిక్షం అక్కణ్నుంచి అడుగు తీసి అడుగు వేయలేదు. దారి తప్పి అటు వచ్చిన ఒక పడుచువాడు, ఈ పెద్దమనిషి మొహాన బొట్టు లేదని చూసి, గుప్పెట్లోని బండారి అతని నుదుటికి, చెంపలకు రాసి నవ్వుకుంటూ పోయాడు. వాడి చెయ్యి వెచ్చగా ఉంది.

*

జాతర ముగిసిన రెండోనాడు అక్కాతమ్ముళ్లు బస్సెక్కి కోదాడ పోయారు. రవీందర్ స్టూడియో ముందుగది పెళ్లి ఆల్బములతో నిండి ఉంది. వెనక గదిలో కంప్యూటరు, ఒక గోడకు కొబ్బరిచెట్లు, సముద్రం గీసిన తెర. రవీందర్ భార్య దీప ముగ్గురికీ చాయ తెచ్చి, రుక్కమ్మ కప్పు మాత్రం సాసర్లో పోసి చల్లార్చి ఇచ్చింది.

ముందు పటం గుండ్రంగా వచ్చింది. నడుమ నల్లటి బొక్క, చుట్టూ జనం.

"గిదేంది, గారె లెక్కున్నది" అంది రుక్కమ్మ.

"ఇప్పుడు విప్పుతానమ్మా" అని రవీందర్ ఏదో నొక్కాడు. గారె ఒకచోట తెగి, తాడులా సాపై, గట్టు గట్టంతా ఒక పొడుగాటి పటంగా పరుచుకుంది.

ఒక కొస నుంచి మొదలుపెట్టారు. బండకు దగ్గరగా ఉన్నవాళ్లు స్పష్టంగా ఉన్నారు. బూరల బేరగాడు. భేరీ మోతకు బెదరకుండా చంటిపిల్ల చెవులు రెండు చేతులతో మూసిన తల్లి. అలసిపోయి పొట్టేలు మీదనే తల ఆన్చిన ముసలాయన. మీసాలాయన మళ్లీ వచ్చాడు. ఒక్కో మొహం దగ్గరా రుక్కమ్మ వేలు ఆగుతుంది, కదులుతుంది. పదడుగులు దాటేసరికి మొహాలు జొన్నగింజలయ్యాయి. మెట్ల మీదికి పోయేసరికి నువ్వులయ్యాయి. రవీందర్ పెద్దవి చేస్తే గింజ పగిలి గళ్లు గళ్లుగా విడిపోయింది. ఆ గళ్లలో ఎవరైనా ఉండవచ్చు. ఎవరూ ఉండకపోవచ్చు.

ఇది ఇంతేనని బిక్షంకు మొదటి పటంలోనే అర్థమైంది. అయినా రెండోది చూశారు, మూడోది చూశారు. చాయ చల్లారిపోయింది.

"గీ పచ్చది ఏంది? మంచు కురిసినట్టున్నది" అని రుక్కమ్మ పటం చివర వేలు పెట్టింది.

రవీందర్ బిక్షం వైపు చూశాడు. "దుమ్మమ్మా" అన్నాడు.

"దుమ్ముల ఎవలో ఉన్నరు."

ఉన్నారు. పసుపు మసకలో ఒక మనిషి. మొహం లేదు, ఆ చోట గీతలు, జిడ్డు. తెల్లచొక్కా ఉంది. చేతులు రెండూ కిందికి వదిలేసి, ఎడమ భుజం కాస్త వాల్చి, తిన్నగా వీళ్లకేసి చూస్తున్నట్టు నిలబడి ఉన్నాడు.

రుక్కమ్మ కుర్చీలోంచి లేచింది. "ఇంకొకటి సూపెట్టు కొడుకా. ముందుగాల సూసింది."

మొదటి పటంలోనూ ఉన్నాడు. రెండోదాంట్లో ఉన్నాడు. అన్నింటిలోనూ జనం మారిపోయారు, బోనాలు మారిపోయాయి, బూరల బేరగాడు ఎటో పోయాడు. ఆ మనిషి మాత్రం అక్కడే, అట్లాగే ఉన్నాడు.

"వాడే!" రుక్కమ్మ వేలు ఆ తెల్లచొక్కాను తాకింది. "బిక్షం, వాడేరా! సూడు, ఏడికీ పోతలేడు. మన దిక్కే సూస్తున్నడు. మనకోసం నిలబడ్డడురా నా కొడుకు!"

బిక్షం కుర్చీ చేతుల్ని పట్టుకుని ముందుకు వంగాడు. ఆ భుజం. ఆ చేతులు. అవును, వాడు అట్లాగే నిలబడతాడు. కనబడని కళ్ల కోసం తెర మీద వెతుకుతూ, "రవీందర్, ఇది ఏ దిక్కు?" అని అడిగాడు.

రవీందర్ మౌస్ మీద ఉన్న చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. 

"ఏ దిక్కు బిడ్డా?"

"నల్లాల దిక్కన్నా."

రుక్కమ్మ అప్పటికే చెప్పుల కోసం చూస్తోంది. "లేండ్రి, లేండ్రి. గాడ్నే ఏడనో ఉంటడు. అన్నం దొరికిందో లేదో. గంటసేపు ఎండల నిలబడ్డడు, మనం గాడ్నే ఉండి సూడలే..."

"అక్కా" అన్నాడు బిక్షం. "గది నేను."

"ఏంది?"

"గా నిలబడ్డది నేను. రవీందర్ గాడ నిలబడుమన్నడు. నిలబడ్డ."

"నువ్వెందుకైతవ్‌రా? నా చేతుల పెరిగినోడు నిలబడే తీరు నాకెరుక లేదా?" అని కోపంగా రవీందర్ వైపు తిరిగింది. "నువ్వు జెప్పు కొడుకా."

రవీందర్ తల వంచుకున్నాడు.

రుక్కమ్మ తమ్ముడి చెయ్యి పట్టి లేపింది. "లే. జర గాడ నిలబడు."

బిక్షం పోయి సముద్రం గీసిన తెర ముందు నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిందికి వదిలేశాడు. ఆమె కంప్యూటర్లోని మనిషిని చూసింది, తమ్ముణ్ని చూసింది. మళ్లీ కంప్యూటర్ను చూసింది. బయట రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"అవ్" అంది చివరికి. "నువ్వే."

వచ్చి కుర్చీలో కూర్చుని, సాసర్లో మిగిలిన చాయ తాగింది. "వానికి నీ నిలబడుడే వచ్చింది. నేనెన్నడూ సూడలే" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదని బిక్షంకు అనిపించింది.

మళ్లీ జాతరకల్లా కొత్త అద్దం తెస్తానని, మొహాలు ఇంకా పెద్దగా వచ్చే కెమెరా వస్తోందని రవీందర్ చెప్పాడు. మంచివాడు, నిజంగానే తెస్తాడు. ఇద్దరూ తల ఊపారు. ఆ పసుపు తన వేళ్లదేనా అని రుక్కమ్మ అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఆమెకు తెలుసో లేదో బిక్షం ఎన్నడూ తెలుసుకోలేదు.

సాయంత్రం సూర్యాపేట బస్సు నిండుగా ఉంది. కాలేజీ పిల్ల ఒకతె లేచి రుక్కమ్మకు సీటిచ్చింది. బిక్షం పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. దురాజ్‌పల్లి దగ్గర బస్సు ఆగింది. గట్టు మీద గుడారాలు పీకేశారు. కాగితాలు, ఆకులు గాలికి లేస్తున్నాయి. ఎవరో ఇద్దరు మెట్లు కడుగుతున్నారు. బస్సులో సగంమంది అటు తిరిగి దండం పెట్టుకున్నారు.

రుక్కమ్మ తిరగలేదు, దండం పెట్టలేదు. కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాడు బిక్షం. బస్సు కదిలినప్పుడు నడుము దగ్గర ఏదో లాగినట్టయి కిందికి చూశాడు. అక్క అతని చొక్కా అంచును పిడికిట్లో పట్టుకుని ఉంది, జాతరలో చిన్నపిల్లవాడి చొక్కా పట్టుకున్నట్టు. సూర్యాపేటలో దిగేదాకా వదల్లేదు.